ఆదివారం అర లీటరు

మార్చి 8, ఆదివారం

మరిది నిన్న సాయంత్రం కారు తెచ్చి పెట్టి వెళ్ళాడు. ఇంటర్వ్యూకని రెండు రోజులకు తీసుకెళ్ళాడు. ఉద్యోగం వచ్చిందట. మందుల కంపెనీ. ఇరవై మూడున చేరాలి, సొంత కారు ఉండాలి. ఉద్యోగం వస్తే ఈ పాత కారు నీకే అని ఆయన జనవరిలోనే తమ్ముడికి మాటిచ్చారు.

పొద్దున చూస్తే కారు ముందు భాగం కింద సిమెంటు మీద అరచేయంత తడి. తుప్పు రంగు. ఆయన్ని పిలిచి చూపించాను. ఇన్నాళ్ళూ ఎప్పుడూ తడి చూడలేదండీ అన్నాను. అన్నది ఆ ఒక్క మాటే.

ఆయన వెంటనే ఫోన్ చేశారు. వచ్చేటప్పుడు వేడి ముల్లు పైకెక్కింది, అరగంట ఆపి చల్లారనిచ్చాను, నేనే చెబుదామనుకుంటున్నాను అన్నాడట మరిది. నీ చేతిలో పడ్డ వస్తువు ఏది నిలిచింది గనక అన్నారు ఈయన. కారు సంగతి ఇక మరిచిపో అని పెట్టేశారు.

ఎప్పటిలాగే ఇంజన్ పక్కన నీళ్ళ డబ్బాలో అర లీటరు పోశాను. పుస్తకంలో రాశాను.

మార్చి 9, సోమవారం

కారు తుక్కు కింద అమ్మేస్తారట. భోజనాల దగ్గర చెప్పారు. ఎక్కడ కారుతోందో తెలుసుకోకుండా ఎలా అమ్ముతారని అడిగాను. తెలుసుకుని ఏం చేస్తావు, సన్మానమా అన్నారు.

తెలుసుకుంటాను.

మార్చి 10, మంగళవారం

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి కారు కింద పరిచాను. చక్రాలు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గీసుకున్నాను. రాత్రంతా రెండే చుక్కలు పడ్డాయి. పొద్దున ఇంజన్ పది నిమిషాలు ఆన్ చేసి ఉంచితే పంతొమ్మిది. అంటే వేడెక్కి ఒత్తిడి వస్తేనే కారుతోంది.

ఇంజన్ ఆపి, చల్లారాక, గొట్టాలన్నీ పాత తువ్వాలుతో తుడిచాను. ప్రతి జాయింటుకూ ఒక టిష్యూ పేపరు చుట్టాను. బెల్టుకు తగలకుండా. మళ్ళీ పది నిమిషాలు. పై గొట్టం పొడి. కింది గొట్టం పొడి. రేడియేటర్ పొడి. బెల్టు పక్కన, నీళ్ళు తిప్పే పంపు కింద దూర్చిన టిష్యూ ఒక్కటే తడిసింది.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, కారుకు కట్లు కడుతున్నారా వదినగారూ, ఎక్కడైనా పడిందా అని అడిగింది.

మార్చి 12, గురువారం

అట్టా, టిష్యూలూ సంచిలో పెట్టుకుని వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పోస్టుమార్టం రిపోర్టు తెచ్చారా అమ్మా అన్నాడు. నవ్వుతూనే అన్నీ చూశాడు. నాతోపాటే ఇంటికి వచ్చాడు.

టార్చి వేసి పంపు అడుగున చిన్న బెజ్జం చూపించాడు. లోపలి సీలు పాడైతే నీళ్ళు అందులోంచే బయటికి రావాలట, అందుకే పెడతారట. పుల్లీ పట్టుకుని ఊపాడు. ఊడబోయే పన్నులా కదిలింది. పంపు పోయిందమ్మా, మార్చాలి అన్నాడు.

బెజ్జం చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంది. మేకుతో గీకితే పొరలుగా రాలింది. ఇది నిన్నటిదీ మొన్నటిదీ కాదు, ఏడాది సరుకు అన్నాడు. డబ్బాలో వేలు ముంచి చూసుకున్నాడు. కూలెంట్ చుక్క లేదు, ఉత్త బోరు నీళ్ళు, దీంతోనే సీలు అరిగిపోయింది, ఎవరు పోస్తున్నారు అని అడిగాడు.

ఇంట్లో కనుక్కుని చెబుతానన్నాను.

ఎవరో గానీ చాలా శ్రద్ధగా పోశారమ్మా అన్నాడు.

మార్చి 13, శుక్రవారం. ఉదయం 5.30

టీ కెటిల్ అడుగున కూడా అదే తెల్ల పెచ్చు. నెలనెలా నిమ్మరసం పోసి వదలగొట్టేది నేనే.

మార్చి 14, శనివారం

పుస్తకం తీశాను. గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చామో, ఫిల్టర్ ఎప్పుడు కడిగామో, ఫ్యాన్లు ఎప్పుడు తుడిచామో అన్నీ అందులో ఉంటాయి. రాయడమే గానీ ఈ కారు నీళ్ళ వరస ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చదవలేదు.

పోయిన ఏప్రిల్: గీత కంటే కిందికి వచ్చింది, ఒక గ్లాసు. జూన్: ఒక గ్లాసు. ఆగస్టులో రెండుసార్లు. అక్టోబరు నుంచి ప్రతి ఆదివారం గ్లాసు. జనవరి నుంచి ప్రతి ఆదివారం అర లీటరు. నా చేతిరాతే. కొట్టివేత ఒక్కటీ లేదు. మరిది కారు తీసుకెళ్ళింది మార్చి అయిదున.

మరి తడి ఎందుకు కనపడలేదు? వాకిట్లోకి వెళ్ళి నిలబడితే తెలిసింది. కారు ఎప్పుడూ గోడ పక్కన కంకర మీద ఉంటుంది. పడ్డ నీళ్ళు పడ్డట్టే ఇంకిపోతాయి. మరిది కారు తిరిగి తెచ్చిన రోజు కంకర మీద మా మంచం పాత పరుపు ఎండకు వేశాను. తియ్యడం మరిచిపోయాను. అందుకని అతను సిమెంటు మీద పెట్టాడు.

పరుపు ఎండవేసిన సంగతి కూడా పుస్తకంలో ఉంది.

మార్చి 15, ఆదివారం

నీళ్ళు పోయలేదు.

ఆయనకు పుస్తకం చూపించాను. చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సరే, అయిందేదో అయింది, వాడికి చెప్పాల్సిన అవసరం ఏముంది అన్నారు. వాడికి చిన్నప్పటి నుంచీ ఏ వస్తువు మీదా జాగ్రత్త లేదు, ఒకసారి మాట పడితే మంచిదే అన్నారు. అన్న మాట ఎలా వెనక్కి తీసుకుంటాను అని కూడా అన్నారు, మెల్లిగా.

మీ మాట మీ ఇష్టం, నా మాట నేను తీసుకుంటాను అన్నాను.

మార్చి 16, సోమవారం

మరిదికి ఫోన్ చేశాను. నెలలవారీగా చదివి వినిపించాను. ఉన్నావా అన్నాను. ఉన్నాను వదినా, ఆగస్టు సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చదువు అన్నాడు. అప్పుడు నవ్వాడు. నీళ్ళే కదా పోశావు, విషం కాదుగా అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. కారు లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామన్నారట. శుక్రవారం దాకా ఆగమని ఇతనే వాళ్ళను అడిగాడట. బైక్ మీద తిరుగుతానంటే ఒప్పుకోలేదట.

కారు వస్తుందని చెప్పు అన్నాను. అన్నయ్యకు తెలుసా అని అడిగాడు. తెలుస్తుంది అన్నాను.

మార్చి 17, మంగళవారం

మెకానిక్‌కు ఇరవై అయిదు దాకా ఖాళీ లేదు. ఉత్త నీళ్ళు పోసింది నేనేనని చెప్పాను. గురువారమే తెలుసమ్మా అన్నాడు. మీ కారు పంపు బయటి బెల్టు మీదే తిరుగుతుంది, ఓపిక ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు, ఫోన్లో చెబుతాను అన్నాడు. పంపు, అతుకు దగ్గర కారకుండా వేసే గాస్కెట్ తెప్పించి పెడతానన్నాడు. టూల్ పెట్టె ఇచ్చాడు.

ఓపిక ఉంది.

మార్చి 21, శనివారం

ఆరున్నరకు మరిది చిరిగిన చొక్కాతో వచ్చాడు. ఇంజన్ చల్లగా ఉంది. కింద తొట్టి పెట్టి నీళ్ళు వదిలాం. కషాయంలా దిగాయి. బెల్టు ఏ పుల్లీ మీద ఎలా తిరుగుతోందో ముందే ఫొటో తీశాను. బొమ్మ కూడా గీశాను.

బోల్టులన్నీ ఒక కొలత కాదు. అట్ట మీద పంపు ఆకారం గీసి, విప్పిన ప్రతి బోల్టునూ దాని చోటనే గుచ్చాను. వదినా, ఇది రిపేరా, ముగ్గా అన్నాడు మరిది. మూడోది బిగుసుకుపోయి గంట తిన్నది. నూనె వేసి, ఆగి, మళ్ళీ నూనె వేసి, ఇద్దరం ఒకే రెంచీ పట్టుకుని లాగితే కిర్రుమంది.

పంపు ఊడి వచ్చింది. రెక్కలను తుప్పు సగం తినేసింది. నా ఆదివారాలన్నీ అందులో ఉన్నాయి. చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

పాత గాస్కెట్ ఇనుముతో గీకవద్దు, గీత పడితే అక్కడే కారుతుంది అని మెకానిక్ మరీ మరీ చెప్పాడు. గడువు తీరిన బ్యాంకు కార్డుతో గీకాను. నలభై నిమిషాలు. వేలితో తడిమితే గాజులా తగలాలి. తగిలింది.

ఆయన అప్పటిదాకా మెట్ల మీద పేపరు పట్టుకుని ఉన్నారు. ఒకే పేజీ. లేచి లోపలికి వెళ్ళారు. టార్చి తెచ్చి మా ఇద్దరి మధ్య నిలబడి లైటు వేశారు. అడుగు నుంచి పట్టుకో, జారుతుంది అన్నారు తమ్ముడితో. సరే అన్నయ్యా అన్నాడు. మధ్యాహ్నం దాకా వాళ్ళు మాట్లాడుకున్నది అదే.

బోల్టులు ఎదురెదురువి, కొంచెం కొంచెంగా బిగించాం. అంతా అయిందనుకుంటే అట్ట మీద ఒకటి మిగిలింది. కంపెనీ వాళ్ళు ఎక్స్‌ట్రా ఇచ్చి ఉంటారులే అన్నాడు మరిది. దాని చోటు అట్ట మీద ఉంది కనుక దొరికింది. బ్రాకెట్ వెనకది. పుల్లీ, బెల్టు మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాం.

కూలెంట్ పోశాం. ఆకుపచ్చగా ఉంది. ఇది ఇలా ఉండాలని నాకు ఇవాళే తెలిసింది.

మార్చి 22, ఆదివారం

పొద్దున ఇంజన్ ఆన్ చేస్తే ముల్లు పైకి పోయింది. వెంటనే ఆపేశాను. మెకానిక్‌కు ఫోన్ చేశాను. గాలి ఇరుక్కుందమ్మా, పూర్తిగా చల్లారాకే మూత తీయండి, లెవెల్ చూసి పోయండి, హీటర్ ఫుల్లుగా పెట్టి నడపండి అన్నాడు. అలాగే చేశాం. బుడగలు వచ్చాయి. ఆగాయి. లోపల వేడి గాలి కొట్టింది. ముల్లు సగం దగ్గర నిలబడింది.

మరిది గంటసేపు ఊరంతా తిప్పి తెచ్చాడు. కొత్త అట్ట పరిచాం. ముగ్గురం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఒక్క చుక్క పడలేదు.

మొన్న నేను అన్నది తప్పురా అన్నారు ఆయన, అట్ట వైపే చూస్తూ.

మార్చి 23, సోమవారం

ఏడుంబావుకు బయల్దేరాడు. తాళంచెవి ఆయనే ఇచ్చారు. లోపలికి వచ్చినవారు మళ్ళీ వెళ్ళి రెండోది కూడా ఇచ్చారు.

మార్చి 29, ఆదివారం. ఉదయం 7

అలవాటుగా చెంబు నింపుకుని వాకిట్లోకి వెళ్ళాను. కారు లేదు. అట్ట ఉంది. వంగి చూశాను. పొడిగా ఉంది. రాసుకున్నాను.