అమ్మ పేరు, గేథర్స్ ముఖం

సెయింట్ లూయిస్,
మంగళవారం.

ప్రియమైన ఓజెల్లా అక్కకు,

నీ చెల్లెలు వెర్లీన్ ప్రేమతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగానే తిరుగుతున్నాం. అక్కడ ఆర్కన్సాలో నువ్వూ నీ మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను. నేను మాత్రం పది రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపెయ్యడం. ఎందుకో ఇది చదివితే నీకే తెలుస్తుంది. ఫోనులో నీకు వినపడదు, గట్టిగా అరిచి చెప్పే సంగతీ కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. చర్చి కప్పు బాగుచేయించారు. ఒడెల్ టిస్‌డేల్ బతికే ఉన్నాడు, ఆదివారం ఆదివారం అందరికన్నా గట్టిగా, అందరికన్నా అపశ్రుతిగా పాడుతూనే ఉన్నాడు. సన్మానానికి నువ్వు వద్దన్న ఊదారంగు టోపీయే పెట్టుకున్నాను. ఇంటి కోసం నువ్వు పెట్టిన అప్లికేషన్ సంగతికి తర్వాత వస్తాను.

మన పాత వీధిని పడగొట్టి కట్టిన భవనానికి హాటీ బర్డ్‌సాంగ్ హోమ్స్ అని అమ్మ పేరు పెట్టారు కదా. అందుకని పోయిన అమ్మకు సన్మానం, అందుకోవడానికి నేను. “అందుబాటు ఇళ్ళ కోసం, జాతి న్యాయం కోసం పాటుపడిన సారథులకు” అని హోటల్ గుమ్మం మీద ఇంతింత అక్షరాలు. కోడిమాంసం ఎండిపోయి చెక్కలా ఉంది. మన నల్లవాళ్ళు ఎందరు వచ్చారని అడిగావు. బల్లల దగ్గర ఐదారుగురం. పళ్ళేలు మోసినవాళ్ళు మాత్రం అందరూ మనవాళ్ళే. జాతి న్యాయం మీద ఉపన్యాసం గంటసేపు సాగితే ఆ పిల్లలు గోడవారనే నిలబడి ఉన్నారు, ఒక్కరికీ కుర్చీ వేయలేదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

పేదవాళ్ళు అద్దె కట్టగల ఇళ్ళట, అందుబాటు, అందుబాటు అని ఎన్నిసార్లు అన్నారో! అమ్మ చక్కెర డబ్బా పై అరలో పెట్టి, “అందుబాటులోనే పెట్టానర్రా” అనేది, గుర్తుందా? గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు మనిషి, ఆమెకు అందుబాటే. దాని కోసం కుర్చీ ఎక్కి పడి నీ గడ్డం పగలగొట్టుకున్నావు.

అసలు సంగతి ఇది. వేదిక వెనక తెర మీద అమ్మ ఫొటో అని ఒకటి వేశారు. అక్కా, అది అమ్మ కాదు. గేథర్స్. అమ్మ ముందుండి, మనమంతా అద్దె కట్టేది లేదని సమ్మె చేసిన ఆ చలికాలం, ఇంటి యజమాని పంపితే వచ్చి మనల్ని మంచులోకి గెంటి తాళం వేసిన ఆ గేథర్స్ ఆవిడ! అదే పొట్టి మనిషి, అదే గుండ్రటి ముఖం, చేతిలో అదే తాళాల గుత్తి. పాత పత్రిక ఫొటోలో మన ఇంటి మెట్ల మీద ఒక నల్లావిడ కనబడింది, సమ్మె నాయకురాలు ఈవిడే అనుకున్నారు. వాళ్ళ కంటికి మనందరిదీ ఒకే ముఖం. ఛీ.

ఆ భవనం కట్టిన సంస్థ డైరెక్టర్ మిస్ హాలోవే తెర కేసి చెయ్యి చాపి, గొంతు వణికిస్తూ, “ఈ తాళాలు చూడండి! ఎన్ని కుటుంబాలకు తలుపులు తెరిచిన చేతులో ఇవి!” అంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నా పక్కన కూర్చున్న ఒడెల్ నా మోచెయ్యి గిల్లాడు.

“ఏమే వెర్లీనూ, నా కళ్ళు గానీ పోయాయా? అది ఆ గేథర్స్ దయ్యం కాదూ?”

“ఊరుకో ఒడెల్ అన్నా.”

“ఊరుకునేదేంటే! మా అమ్మ కుట్టుమిషను లోపలుండగానే తాళమేసింది ఇదేగా! లేచి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను అరుస్తా.”

“నీకు దణ్ణం పెడతా, కూర్చో.”

కూర్చున్నాడు. ఆనాటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఇప్పుడు రాయాల్సింది రాయడానికి చెయ్యి రావడం లేదు. నన్ను పైకి పిలిచి, చేతిలో బహుమతిగా ఒక చిన్న గాజు ఇల్లు పెట్టి, “మీ అమ్మగారిని ఇలా చూస్తుంటే ఎలా ఉంది?” అని మిస్ హాలోవే అడిగింది. నేను గేథర్స్ ముఖం వైపు చూసి, “అవును, మా అమ్మే. చాలా సంతోషంగా ఉంది” అన్నాను. మైకులో అన్నాను.

ఎందుకన్నానంటే, సభకు ముందు ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, “మీ అక్కగారి అప్లికేషన్ నా బల్ల మీదే ఉంది. ముందు ఇది బాగా జరగనివ్వండి, చూద్దాం” అంది. కింది అంతస్తు, మెట్లు లేని ఇల్లు, నీ మోకాళ్ళు. నా బుర్రలో అవే ఉన్నాయి.

నిన్న జవాబు వచ్చింది. నీ పింఛను ఆ అందుబాటు ఇంటికి చాలదట. హాటీ బర్డ్‌సాంగ్ పెద్ద కూతురు హాటీ బర్డ్‌సాంగ్ హోమ్స్‌లో ఉండేంత కలిగినది కాదట. కాగితం నెత్తిన అమ్మ పేరే అచ్చు వేసి ఉంది.

వాళ్ళంటే నాకు రోత పుడుతోంది. నేనంటే ఇంకా ఎక్కువ. వాళ్ళు తెలియక చేశారు, నేను తెలిసి చేశాను. ఇల్లు వచ్చి ఉంటే ఈ సంగతి నీకు చెప్పి ఉండేదాన్ని కాదేమో, అదీ రాసేస్తున్నాను.

ఈ ఆదివారం కాక ఆ పై ఆదివారం గేథర్స్ ఫొటోను నిలువెత్తున ఆ భవనం గుమ్మంలో తగిలిస్తారట. గుమ్మంలో తల వంచి నిలబడ్డ అమ్మ ఫొటో నీ బైబిల్లో ఉంది కదా, వెంటనే పంపించు. అది పట్టుకుని వెళ్ళి, నేను ఆ రోజు చెప్పింది అబద్ధమని అందరి ముందూ చెబుతాను. గాజు ఇల్లు వాళ్ళ బల్ల మీదే పెట్టి వస్తాను. ఒడెల్‌ను కూడా బతిమాలి తీసుకెళతాను, ఈసారి ఎంత కావాలంటే అంత అరవమంటాను.

నా ఇల్లు మూడో అంతస్తు, రెండే గదులు. నా భుజం పట్టుకుని ఎక్కుదువుగాని, వచ్చెయ్యి. కోపం వచ్చి నాకు ఒక్క ముక్క రాయకపోయినా సరే, ఫొటో మాత్రం పంపు.

ఇట్లు,
అందరి ముందూ అమ్మను కాదన్న
నీ చెల్లెలు,
వెర్లీన్