సూర్యుడు చనిపోయే రోజు

మెనీ ఫామ్స్,
సెప్టెంబరు నెలాఖరు.

చిరంజీవి షాండీన్‌కు, పసిగుడ్డుగా ఉన్న నిన్ను మొట్టమొదట నవ్వించిన పాపానికి మన ఆచారం ప్రకారం చుట్టాలందరికీ మాంసం విందు పెట్టుకున్న మేనమామ దీవించి రాసేది. ఇక్కడ గొర్రెలు క్షేమం. కుక్క క్షేమం. నా ట్రక్కు పడకేసి నిన్ననే లేచింది. అందుకే నీ ఉత్తరం పోస్టాఫీసు పెట్టెలో ఇన్నాళ్లు పడి ఉంది.

అడిగినవాటికి జవాబులు. నల్లమేక ఈనింది, కవలలు. నా కోతిచేష్టలు మానలేదు. పోయిన నెల అమ్మ గొంతు పెట్టి కొట్టువాణ్ణి ఫోన్లో తిడితే, వాడు హడలిపోయి పిండి బస్తా ఇంటికే తెచ్చి దింపాడు. అమ్మ కట్టెతో నా వెంటపడింది, నవ్వుతూనే.

మీ టెనోరియో మేడం సంగతి చదివాను. అంత పెద్ద చదువుల చోట మన నవహో తెగ పిల్లవి నువ్వొక్కతెవే. నిన్ను వెంటబెట్టుకుని పని నేర్పడమే కాక గ్రహణం రోజు టెలిస్కోపు నీ చేతికే ఇస్తానందంటే చిన్న మాటా! పైగా, "ముందు మీ ఇంట్లో అడుగు. వద్దంటే లోపల కూర్చుని లెక్కలు చెయ్యి, నీకేం తక్కువ కాదు" అందట. ఆవిడా మన పొరుగు ప్యూబ్లో తెగ మనిషే కదా, ఇలాంటివి తెలుసు. ఇంకొకరైతే ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లకు గ్రహణమంటే ఉత్త నీడ. మన మాటలో అది సూర్యుడు చనిపోవడం. చనిపోయినవాళ్లకేసి మనం చూడం.

"అమ్మమ్మ ఏమంటే అదే, మామయ్యా. అడిగి రాయి" అన్నావు.

నువ్వు వెళ్లిన కొత్తల్లో ఆమె నన్నడిగింది.

"పిల్ల అక్కడేం చదువుతోందిరా?"

"సూర్యుణ్ణమ్మా."

"ఆయనకేం రోగం?"

"మచ్చలున్నాయట."

"నీ మొహాన లేవూ? నిన్నెవరూ చదవరేం?" మళ్లీ తనే, "పొద్దున్నే ఆయనకు మొక్కజొన్న పుప్పొడి చల్లి మొక్కుతోందా, ఊరికే గుచ్చిగుచ్చి చూస్తోందా?"

"మొక్కుతోందిలే."

"అయితే చూడనీ."

అది బతికున్న సూర్యుడి మాట. చనిపోయే రోజు మాట నేనడగలేదు.

గొర్రెలూ కుక్కా క్షేమమన్నాను గాని మనుషుల ఊసెత్తలేదు, చూశావా కోడలు పిల్లా? నీ ఉత్తరం తెచ్చేసరికి అడగడానికి ఆమె లేదు. నిద్రలోనే. పోయినవాళ్ల కోసం పాటించే నాలుగు రోజుల మౌనం నిన్నటితో అయింది. ఇక ఆమె పేరు ఈ ఇంట్లో పలకం. నువ్వూ పలక్కు. ఫోన్ చేద్దామని తీశాను. నా గొంతు వింటే నువ్వు ముందు నవ్వుతావు. ఆ నవ్వు మీద ఈ మాట వేయలేకపోయాను.

ఆమె సరేనందని రాసేద్దామనీ అనుకున్నాను. ఆ గొంతుతో ఊరందరినీ బురిడీ కొట్టించినవాణ్ణి, నువ్వొక లెక్కా? రాసేముందు ఆమెలా ఆ మాట అని చూద్దామని నోరు తెరిస్తే ఆ గొంతు రాలేదు, తల్లీ.

కాబట్టి నువ్వే తేల్చుకో. టెలిస్కోపు దగ్గర నిలబడాలనిపిస్తే నిలబడు. నేను గ్రహణం విడిచేదాకా తలుపు మూసుకుని, తిండీ నీళ్లూ ముట్టకుండా, మనిద్దరి తరఫునా కూర్చుంటాను. ఆయనైతే చనిపోయినా మళ్లీ లేస్తాడు కదా. లేచాక ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఎవరి గొంతూ పెట్టను.

ఇట్లు,
ఈసారికి నిన్ను నవ్వించలేని
నీ మేనమామ విల్ఫర్డ్