దించిన లంగరు

విశాఖపట్నం

ప్రియమైన బాపుకు,

ఫోన్ చేస్తే మాట్లాడకుండా అమ్మకు ఇచ్చేస్తున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. నేనిక్కడ కంప్యూటర్ కోర్సు చేయడం లేదు. చెక్కతో ఓడల నమూనాలు చేసే వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్నాను. సిద్దిపేటలో తాత, నువ్వు చేసిన టేకు ఓడబొమ్మల మధ్య పెరిగినదాన్ని, మళ్లీ ఓడలే నేర్చుకోవడానికి ఇంత దూరం పోతానంటే నీ చేతిపని నాకు చాలలేదనుకుంటావని భయపడ్డాను.

ఆ రోజు సంగతి మనసులోంచి పోవడం లేదు. మన ఇంట్లో చేసే ప్రతి ఓడకూ గొలుసు కిందికి దిగి, ఓడను నిలబెట్టే పీటకు లంగరు అతుక్కుని ఉంటుంది. ఫోన్‌లో వీడియోలు చూసి, నేను సొంతంగా చేసిన మొదటి ఓడకు మాత్రం లంగరు పైకెత్తి ముక్కు పక్కన అతికించాను. నువ్వు చూసి, ఆ లంగరును విరిచేశావు. తర్వాత "మీ తాత ఎట్ల చేసిండో గట్లనే చెయ్యాలె" అన్నావు. చాలా బాధేసింది బాపూ. ఇప్పటికీ తగ్గలేదు.

రోజూ పని కాగానే రేవు వైపు పోతున్నాను. కదిలే ఓడకు లంగరు పైనే ఉంటుంది. తాత బొంబాయిలో నడినీళ్లలో ఆగిన ఓడల నుంచి బస్తాలు దించిన మనిషి. ఆగిన ఓడలే చూశాడు, అవే చెక్కాడు. ఆ పొరపాటును మూడు తరాలుగా మోస్తున్నాం. నేనిక మోయలేను. నా ఓడకు ఆ ఇంట్లో చోటు లేకపోతే నేను తిరిగి రాను.

నీ లిడియా

సిద్దిపేట

బిడ్డా లిడియా,

నేను చెప్తుంటే మీ అమ్మ రాస్తున్నది. ఉలి పట్టే చేతిల పెన్ను ఆగుతలేదు.

లంగరు సంగతి నాకు ఎరుకే. నీ అంత ఉన్నప్పుడు బొంబాయి పోయి, కదిలే ఓడను దూరంకెల్లి చూసిన. ఇంటికొచ్చి, గిట్ల తప్పు ఎందుకు చేస్తున్నవని మీ తాతను అడిగిన. ఆయన నవ్విండు. "లంగరు దిగితేనే మాకు పని ఉంటుండె కొడుకా. లేచిందంటే మళ్ల ఓడ వచ్చేదాంక పస్తే" అన్నడు. తెల్వక కాదు బిడ్డా, గందుకే దించి పెట్టిండు.

గీ మాట నీకు ఎన్నడూ చెప్పలే. చెప్పకుండ విరిచిన. తప్పు నాదే. నువ్వు పోయినంక నీ ఓడ ముంగట పెట్టుకొని కూసున్న. మళ్ల అతుకుదామంటే, పైకెత్తిన లంగరు కొక్కేలు ఏ దిక్కు ఉండాలెనో నాకు తెల్వలే. ఇన్నేండ్లు ఓడలు చేసి గదొక్కటి తెల్వకపాయె. విరిగిన ముక్కను అగ్గిపెట్టెల దాచిన.

పని మొత్తం నేర్చుకో, నడుమ ఇడిసిపెట్టి రాకు. వచ్చినప్పుడు నువ్వే అతుకు. నేను పక్కన నిలబడి చూస్త.

మీ బాపు
డేవిడ్