రగ్బీలో లేని రూలు

ఆత్మకూరు, 1953 ఆగస్టు, బుధవారం

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. పట్టాళంలో నేను నేర్చుకున్న రగ్బీని మా స్కూలు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టి రెండు నెలలైంది. కోడిగుడ్డు బంతి అని నవ్విన పిల్లలే ఇప్పుడు గంట కొట్టగానే మైదానానికి పరుగెత్తుతున్నారు.

నిన్న హరిజనవాడ ఏసయ్య, బంతితో దూసుకుపోతున్న రెడ్డిగారి అబ్బాయిని నడుం పట్టి పడేశాడు. ఆటే అది. ఇద్దరూ నవ్వుకుంటూ లేచారు. ఈరోజు రెడ్డిగారు హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఉన్నాడు.

"ఆడించుకో అయ్యవారూ, నేను వద్దనలా. ఆ వాడ పిల్లోడు మావోడి మీద చెయ్యేసేదేంది?"

"ఒకర్నొకరు పట్టుకోకుండా ఈ ఆట లేదండీ" అన్నాను.

"అయితే వాణ్ణి గీత అవతల నిలబెట్టండి. బంతి బయటికి పోతే అందిస్తాడు" అని హెడ్మాస్టరు తేల్చేశాడు.

"సరే సార్" అన్నాను. కింద పడటానికి భయపడొద్దని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి.

సాయంత్రం ఏసయ్యను బయట నిలబడమన్నాను.

"నేనేం తప్పు చేసినాను సార్?"

"తప్పేం లేదురా. ఒకడు బయటుండి బంతి అందియ్యాలని రూలు ఉండాది."

వాడు నమ్మాడు. చేతులు నిక్కరుకు తుడుచుకుని శ్రద్ధగా గీత పక్కన నిలబడ్డాడు. నేను తల తిప్పుకుని ఈల ఊదాను.

రెడ్డిగారినీ హెడ్మాస్టరునీ ఎంతసేపని తిట్టుకోను? ఇక్కడి నుంచి ఉదయగిరి దాకా రగ్బీ చూసినవాడు ఒక్కడూ లేడు. ఈ పిల్లలకు నేనేది చెబితే అదే ఆట. ఈరోజు ఇది చెప్పాను.