పేరు చెప్పని పసరు

అయ్యా,

పోలీసు క్యాంపు అమీన్ గారి సముఖమునకు, దేవరుప్పుల దగ్గరి పల్లెలో ఉండే మార్తమ్మ వ్రాసుకొన్న మనవి. 1949.

విషయం: తమ లాకప్పులోని నాటువైద్యుడు పెంటయ్యతో ఒక ఆకు పేరు చెప్పించుట గురించి.

1. పోయిన మంగళవారం పొద్దున ప్రార్థన ముగించి నేను గట్క కలుపుచుండగా, నా తమ్ముడు సాంసన్ పండ్లు తోముకొని లోపలికి వచ్చినాడు. పొయ్యి వెలుగులో అతని కళ్లు పసుపు కొమ్ముల వలె ఉన్నవి. మరదలు రుక్మిణి చూసి నవ్వినది. తరువాత ఏడ్చినది.

2. కళ్లు అట్లగుటకు కారణమేమనగా, పేరు సాంసన్ అయినను అతని తలమీద వెంట్రుక లేదు. పాదిరిగారు జుట్టులో బలమున్న బైబిలు సాంసన్ కథ చెప్పినప్పుడల్లా సంఘమంతా వెనుకకు తిరిగి ఇతనిని చూచును. ఆ అవమానమునకు ఓర్వక, పెంటయ్య ఇచ్చిన పసరు నెల దినములు తాగినాడు. వెంట్రుక రాలేదు.

3. దవాఖాన డాక్టరు పసరు మానిపించినారు. ఆకుమందు కూడా కార్జమును, అనగా కాలేయమును, చెరిపి కళ్లు పచ్చబరచునని, ఏ ఆకో తెలిసిన గాని వైద్యము కుదరదని చెప్పినారు.

4. ఇంతలో పెంటయ్య అడవిలోని కమ్యూనిస్టు దళమునకు వార్తలు మోయుచున్నాడని తమవారు పట్టుకొన్నారు. అతని మందుల సంచిలో ఏమున్నదో చెప్పకపోవుట నేరమైనది. అయ్యా, అతడు పెండ్లానికే చెప్పలేదు. పేరు బయటపడితే మందు గుణము పోవునని వారి కట్టుబాటు. నేను లాకప్పు కిటికీ దగ్గర నిలబడి అడిగితిని.

"పాణం పోయినా చెప్ప, అక్కా. చెప్తే మందు పనిచెయ్యది" అన్నాడు.

"మాతోని గూడ గిదే పాట" అన్నాడు కాపలా జవాను.

5. ఆ సాయంత్రం ఇంట్లో అందరము కూర్చుంటిమి. ఎంటికలు వద్దు, పాణముంటే చాలని సాంసన్ చాపమీద నుండి అన్నాడు. రుక్మిణి, "వదినా, పేరు చెప్తే మందు గుణం పోతదట. మనకు పోవాల్నె గద?" అన్నది.

కావున మేము నిశ్చయించినది: పెంటయ్య ఆ పేరు గట్టిగా చెప్పవలెను. అతని లెక్కన సాంసన్ కడుపులోని గుణము పోవును. డాక్టరుకు ఆకు తెలియును. తమకు సంచి సంగతి తేలును. ఈ మాట నేను చెబితే వింటాడు. జర లోపలికి పోనివ్వవలెను.

తమరు చిత్తగించి, కర్ఫ్యూకు ముందే సెలవిప్పించవలెను. దేవుడు తమ కార్జమును కాపాడును గాక.

తమ విధేయురాలు,
మార్తమ్మ
(సాంసన్ అక్క)

మరొక మనవి: కిటికీలోంచి చూచితిని. తమ జమాదారు గారు టోపీ తీసి, పెంటయ్య సంచిలోని సీసా ఎత్తి గుక్కెడు తాగి, నెత్తి తడుముకొన్నారు. వారిది కూడా సాంసన్ తలయే. రేపు పొద్దున వారి కళ్లు వెలుతురులో చూడవలెను.