కప్పలు కుకీ నోటికి అందకుండా

జూన్ 3

రాత బాగోలేదు, ఏమనుకోకు పుస్తకమా. ఏడో తరగతితో ఆగిపోయిన చెయ్యి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో అప్పుడూ సరిగ్గా తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆయన కాలేజీ పుస్తకంలో మిగిలిన కాగితాలు ఇవి — నువ్వు తప్ప చూసేవాళ్ళు లేరు కదా.

కుకీ కప్పని నోట కరిచింది.

చీకటి పడే వేళ. మేం అద్దెకుంటున్న బేస్‌మెంట్ మెట్ల దగ్గర. పైనింటి ఆంటీకి హాస్పిటల్లో ఓవర్‌టైమ్, అందుకని వాళ్ళ కుక్క ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన వచ్చేసరికి చపాతీలు చేద్దామని పిండి కలుపుతున్నాను. తలుపు తీసే ఉంది. బయట ఏదో మూలుగు... వెళ్ళి చూస్తే కుకీ నోటి నిండా నురగ. ముందుకాళ్ళతో మూతి గీరుకుంటోంది. పక్కనే గోదురుకప్ప. ఒళ్ళంతా పొక్కులు. తనకేమీ తెలియనట్టు కూర్చుని ఉంది.

కుకీని ఒళ్ళో పెట్టుకుని, తల కిందికి వంచి, తడిగుడ్డతో చిగుళ్ళు తుడిచాను. మళ్ళీ తడిపి, మళ్ళీ తుడిచి... చిన్నప్పుడు తమ్ముడు జిల్లేడు పాలు నోట్లో పెట్టుకుంటే అమ్మ ఇలాగే చేసింది. కుకీ మూతికంతా నా చేతి పిండే.

గుండెకి మాత్రలు వాడే కుక్క. ఆ గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నా అరచేతికి తెలుసు.

జూన్ 4

బతికింది.

నిన్న ఆంటీ రాగానే కుక్కల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. పొద్దున ఇంటికి తెచ్చారు. ఈ కప్పల ఒంటి మీద విషం ఉంటుందట. గట్టి కుక్కలైతే చొంగ కార్చి ఊరుకుంటాయట. పదకొండేళ్ళ కుకీ గుండెకి మాత్రం ఇంకోసారి అయితే ఏమీ చెప్పలేమన్నారట.

ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వుండబట్టి సరిపోయింది దుర్గమ్మా. నా పిల్లలిద్దరూ నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్తారు. ఇదొక్కటేనమ్మా, 'కూర్చో' అంటే కూర్చుంటది."

తలుపు తీసి పెట్టింది నేనే కదా.

రోజూ పొద్దున ఏడింటికి డ్యూటీకి వెళుతూ దాన్ని నా దగ్గర దింపుతారు. రేపు కూడా దింపుతానన్నారు.

జూన్ 6

కప్పల్ని పట్టడం నేర్చుకున్నాను. బ్రెడ్ కవరు చేతికి తొడుక్కుని వెనకనుంచి పట్టాలి. ఖాళీ పెరుగు బకెట్‌లో వెయ్యాలి. మూతకి బెజ్జాలు. మొదటిది చేతిలోనే ఉచ్చ పోసింది. కెవ్వుమన్నాను. లోపల కిటికీ దగ్గర కూర్చున్న కుకీ నన్ను చూసి మొరిగింది.

బకెట్ పట్టుకుని వీధి చివర వాగు దాకా నడిచాను. ఎదురొచ్చిన వాళ్ళంతా నవ్వి హాయ్ అంటారు. నేను బకెట్ కొంగు చాటుకి తీసుకున్నాను, దొంగలాగా.

మూడు.

జూన్ 7

నాలుగు.

జూన్ 8

ఆయన కాలేజీ నుంచి వచ్చి, గుమ్మం దగ్గర బకెట్ చూశారు. "పెరుగు బయట పెట్టావేంటి, పులిసిపోదూ?" అంటూ మూత తీశారు. గెంతారు. పుస్తకాల సంచి ఒక పక్క, ఆయన ఒక పక్క.

"దుర్గా! కప్పల్ని పెంచుతున్నావా?"

"పెంచట్లేదండీ. పంపిస్తున్నా."

"ఎక్కడికి? బస్సు పాస్ తీశావా వాటికి?"

నవ్వారు. ఎన్నాళ్ళకో. క్లాసులు, అవి అయ్యాక గిడ్డంగి షిఫ్టు, వచ్చి పడుకోవడం... నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని మరిచేపోయాను.

వాగు దాకా తోడు వచ్చారు. బకెట్ ఆయనే పట్టుకున్నారు. వదిలేటప్పుడు ఒక్కొక్కదానికీ "జాగ్రత్తండీ, ఉంటాం" అని చెప్పారు.

జూన్ 11

ఆంటీ చర్చి నుంచి వస్తూనే గరాజ్‌లో ఉప్పు మూట చూపించారు. చలికాలం మంచు కరగడానికి దారిలో చల్లే ఉప్పు. "నువ్వు మోయడమేంటే పిచ్చిదానా. ఇది చల్లు, దెబ్బకి చస్తాయి."

సరేనన్నాను. దోసిట్లోకి తీసుకున్నాను. మెట్టు పక్కన చిన్నది ఒకటి, నా బొటనవేలంత. గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. ఆ రోజు కుకీకి కూడా...

ఉప్పు తిరిగి మూటలో పోసేశాను. చిన్నదాన్ని బకెట్‌లో వేసుకుని వాగుకి పోయాను.

జూన్ 13

ఎన్ని మోసినా మళ్ళీ వస్తున్నాయి. ఎక్కడినుంచి?

ఆంటీ కంచె మీదుగా చూపించారు. పక్కింటి తెల్ల తాతగారి పెరట్లో పిట్టలు నీళ్ళు తాగే రాతి పళ్ళెం ఉంది. "అదీ సంగతి! ఆ నీళ్ళకే చేరుతున్నాయి. అడిగేస్తా ఆయన్ని."

తాతగారు రోజూ కుర్చీ వేసుకుని ఆ పిట్టల్ని చూస్తూ కూర్చుంటారు. నేను కనిపిస్తే చెయ్యి ఊపుతారు. నేను తల వంచుకుని లోపలికి వచ్చేస్తాను.

జూన్ 14

తాతగారి పళ్ళెం కాదు. నేను.

అత్తయ్యగారు ఆరింటికల్లా దీపం పెట్టాలంటారు. ఇక్కడ ఆరింటికి ఎండ కాస్తూ ఉంటుంది. అందుకని పొద్దు వాలేదాకా ఆగి, తొమ్మిదింటికి వాకిట్లో నీళ్ళు చల్లి, అప్పుడు వెలిగిస్తాను. వచ్చిన కొత్తలో లోపల వెలిగిస్తే పొగ అలారం మోగి ఇల్లంతా గోల. అప్పటినుంచి బయటే, మెట్ల పక్కన మట్టి మీద, గాజు గ్లాసులో.

రోజూ వెలిగించి దణ్ణం పెట్టుకుని లోపలికి పోతాను, వంట ఉంటుంది కదా. ఇవాళ అక్కడే కూర్చున్నాను. ముందు పురుగులు వచ్చాయి. తరవాత గడ్డిలోంచి ఒకటి. మెట్టు సందులోంచి ఇంకొకటి. నేను చల్లిన తడి మీద పొట్ట ఆనించి కూర్చున్నాయి, హాయిగా. దీపం దగ్గర పురుగు వాలింది — ఒక్క నాలుక. పురుగు లేదు.

కుకీ నోట కరిచింది సరిగ్గా అక్కడే.

పగలు వాగుకి మోస్తున్నాను. సాయంత్రం నేనే పిలిచి, నీళ్ళిచ్చి, భోజనం పెడుతున్నాను.

జూన్ 15

నీళ్ళు చల్లలేదు. దీపం లోపల, కిటికీ అరుగు మీద. బ్యాటరీది.

అత్తయ్యగారు వీడియోలో చూశారు. "అదేం దీపమే, రెప్పయినా వెయ్యదు?"

"గాలి లేదు అత్తయ్యగారూ."

జూన్ 16

ఒక్కటి.

జూన్ 17

ఒక్కటీ లేదు. ఆయనకి అంతా చెప్పాను.

"ఆంటీకి మాత్రం చెప్పకు."

"చెప్పాలి కదండీ. తప్పు ఆ తాతగారి మీద పెడుతున్నారు."

"చెప్తే? ఖాళీ చెయ్యమంటే ఎక్కడికెళ్తాం? మా క్లాసువాళ్ళు ఏడుగురు ఒక రూములో పడుకుంటున్నారు. ఇంకా దిగుతూనే ఉన్నారు కొత్తవాళ్ళు. ఈ హామిల్టన్ ఊరు మొత్తం తిరిగినా ఇలాంటి ఇల్లు దొరకదు. కప్పలు పోయాయి, కుక్క బాగుంది. వదిలెయ్ దుర్గా."

ఆయన మాటా అబద్ధం కాదు. కుకీ నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. కాలు కదపకుండా చాలాసేపు కూర్చున్నాను.

జూన్ 19

తాతగారు పళ్ళెం బోర్లించేశారు. ఆంటీ వెళ్ళి గట్టిగానే అడిగారట. ఆయనే సారీ చెప్పారట.

కుర్చీలో కూర్చునే ఉన్నారు. పిట్టలు వచ్చి బోర్లించిన రాయి మీద వాలి, అటూ ఇటూ చూసుకుని, ఎగిరిపోయాయి. నాకు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను, మొదటిసారి. ఊపకుండా ఉంటేనే బాగుండేది.

జూన్ 20

ఆంటీ సాయంత్రం గోంగూర మడికి నీళ్ళు పెట్టారు. పెరట్లో పెద్ద లైటు వేశారు. కుకీని వదిలేశారు.

"ఇంక భయం లేదులే దుర్గమ్మా. ఆ పళ్ళెం పీడా పోయిందిగా."

గోంగూర మొక్కల కింద పొక్కుల వీపు... నాకు కనిపించింది. కుకీ ముక్కు నేలకి ఆనించి అటే పోతోంది. పరుగెత్తాను. ఎత్తుకున్నాను. ఎత్తుకునే చెప్పేశాను.

"పళ్ళెం కాదు ఆంటీ. నేనే. రోజూ మెట్ల దగ్గర నీళ్ళు చల్లి దీపం పెట్టాను. తడికి, వెలుగుకి వస్తాయండీ అవి. ఇప్పుడు కూడా... ఈ మడికి కూడా..."

ఇంకా ఏమేమో అన్నాను. సగం ఏడుపే.

ఆంటీ కుళాయి కట్టేశారు. లైటు ఆర్పేశారు. "ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?"

"ఆరు రోజులండీ."

"ఆరు రోజులు! నేను పోయి ఆ ముసలాయన్ని ఎన్నెన్ని మాటలన్నానే..."

నా చేతుల్లోంచి కుకీని తీసుకున్నారు. లాక్కోలేదు. మెల్లగానే తీసుకున్నారు. నేను అదొక్కటే తలుచుకుంటున్నాను. దాన్ని ఎత్తుకుని పైకి వెళ్ళిపోయారు.

ఆయనకి చెప్పలేదు. షిఫ్టు నుంచి వచ్చి, తిని, పడుకున్నారు.

జూన్ 21

ఆరున్నర. కుకీ మాత్ర ఇడ్లీ ముక్కలో దాచి పెట్టాను, రోజూలాగే. ఆయన కాలేజీకి వెళ్ళిపోయారు. నా ముఖం చూసి "జ్వరమా?" అన్నారు. కాదన్నాను.

ఏడు. దాన్ని దింపే వేళ. పైన అడుగులు. కుళాయి శబ్దం. ఆంటీ కుకీతో ఏదో అంటున్నారు. తెలుగే. మాటలు మాత్రం కిందిదాకా రావడం లేదు.

ఏడూ పది. ఇడ్లీ ముక్క చల్లారిపోయింది.

ఏవండీ, ఈ పుస్తకం మీ చేతిలో పడితే నిన్నటి పేజీ, ఈ పేజీ చదవకుండా కాల్చెయ్యండి. నేనే చెబుతాను మీకు, నా నోటితో. ఎక్కడికెళ్తాం అని మీరు అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలియదు...

పై తలుపు తీశారు. మెట్ల మీద ఆంటీ చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది — కుకీ గోళ్ళ చప్పుడు లేదు. ఎత్తుకుని వస్తున్నారేమో.