సగం మిగిలిన ఫొటో

గురువారం, కోంట

ఫొటోలు పాడవుతుంటే ఇన్నాళ్లూ హార్డ్ డిస్క్‌నే తప్పుబట్టాను. భయపడి కొత్తది కొన్నాను. నా స్టూడియో ఫొటోలన్నీ అందులోకి ఎక్కించి, పాతదాన్ని చెరిపేసి సీసీ కెమెరాకు పెట్టేశాను. ఈ రోజు జగదల్‌పూర్ నుంచి వచ్చిన మెకానిక్ కంప్యూటర్ లోంచి ర్యామ్ ముక్క ఊడదీసి చూపించాడు.

"పాత డిస్క్ మంచిగనే ఉండె అన్నా. ఖరాబైంది ఇది. కాపీ చేస్తే ప్రతి ఫొటో దీంట్లకెల్లే పోతది. ఇది లోపల పెట్టుకునే కాపీ చేసినవ్, అందుకే చెడిపోయి ఎక్కినయి. ఇగ వాపస్ రావు."

అంటే కాపాడాలని చేసిన పనితోనే నేను వాటిని పాడుచేశాను. ఎన్ని పోయాయో ఇంకా లెక్క చూడలేదు.

అతను ఉండగానే ముత్తమ్మక్క కూతురి ఫొటో కోసం వచ్చింది. ఆమె కూతురు సమ్మక్క జ్వరంతో పోయి నెల కూడా కాలేదు. ఆ పిల్ల దిగిన ఫొటో ఒక్కటే ఉంది, కాలేజీ ఫారం కోసం నేను తీసింది. కొత్త ర్యామ్ వేయించి తెరిచాను. నుదురు, కళ్లు వచ్చాయి. ముక్కు కింద నుంచి అంతా బూడిద రంగు.

"మిషన్ చెడింది అక్కా. తప్పు నాదే" అన్నాను.

ఆమె తెర దగ్గరకు వంగి చూసింది.

"కండ్లున్నయి గద తమ్మీ. అదే తీసియ్యి."

ప్రింటు తీసి చేతిలో పెట్టాను. ఆమె బల్ల మీద కూర్చుని, కొంగుతో ఆ బూడిద రంగును మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. అది పోదని ఆమెకూ తెలుసు. అయినా తుడుస్తూనే ఉంది.